మళ్ళీ జన్మ దాకా ఎందుకు?

మన బడిలో చదువుకున్న వాళ్ళకి కొత్త దంపతులు వింత కాదు. పెళ్ళిళ్ళ రోజులొచ్చాయంటే రత్నగిరి మెట్ల మీద పసుపు బట్టల జంటలే జంటలు. పెళ్ళి కాగానే సత్యదేవుడి వ్రతం చేసుకోవడం మన జిల్లాల ఆచారం. కొండ కింద మా నాన్నగారికి కొబ్బరికాయల దుకాణం ఉండేది. వ్రత సామగ్రి పొట్లాలు కట్టేది మా మేనత్త. పంతొమ్మిదో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. అన్ని కుంకుమ పొట్లాలు కట్టిన చేత్తో ఒక్కనాడూ తన నుదుట బొట్టు పెట్టుకోలేదు.

సావనీరుకి సినిమాల గురించి ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. హాలీవుడ్ ప్రేమకథలూ, వాటిని మళ్ళీ మళ్ళీ తీసిన చరిత్రా రాద్దామని కూర్చున్నాను. కానీ ఎక్కడ మొదలుపెట్టినా కలం మా గోదావరి దగ్గరికే వచ్చి ఆగింది.

1964లో వచ్చిన 'మూగమనసులు' తెలియని వారు మనలో ఉండరు. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారు రాజమండ్రిలో పుట్టినవారు. కథా రచనలో పాలుపంచుకున్న ముళ్ళపూడి వెంకటరమణ గారిది ధవళేశ్వరం. పడవ నడిపే గోపీగా అక్కినేని, జమీందారు బిడ్డ రాధగా సావిత్రి, గోపీని ప్రేమించిన గౌరిగా జమున. కథ కొత్త దంపతుల గోదావరి ప్రయాణంతో మొదలవుతుంది. నది మధ్యలో వాళ్ళకి పూర్వజన్మ గుర్తుకొస్తుంది. ఆ జన్మలో రాధకి వేరే పెళ్ళయింది, భర్త పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చిన ఆమెకి పడవవాడు తోడు నిలిస్తే ఊరు నోరు చేసుకుంది. చివరికి ఇద్దరూ గోదాట్లో కలిసిపోయారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆ సినిమా మళ్ళీ ఆడితే, అత్తయ్య నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. హాల్లో ఆడవాళ్ళందరూ కొంగులు తడుపుకున్నారు. అత్తయ్య ఏడవలేదు. ఇంటికి నడిచి వస్తూ ఒక్క మాట అడిగింది: "మళ్ళీ జన్మ దాకా ఎందుకురా? ఈ జన్మలోనే అయితే ఏం పోయింది?" పన్నెండేళ్ళవాణ్ణి, నాకేం తెలుసు?

ఆ ప్రశ్న ఎంత పెద్దదో చాలా ఏళ్ళకి, చరిత్ర చదివాక తెలిసింది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎక్కడో కాదు, రాజమండ్రిలోనే. అదే నది, అదే ఊరు. ఆ తర్వాత 82 ఏళ్ళకి ఆ ఊరివాడే తీసిన సినిమాలో వితంతువుకి ఈ జన్మలో చోటు దొరకలేదు. తప్పు ఆదుర్తి గారిదని నేననను. ఆయనకి తన ప్రేక్షకులెవరో తెలుసు. గోపీ రాధల్ని కలపాలంటే ముందు వాళ్ళని చంపాలి. పునర్జన్మ అనేది మనం ఇచ్చిన అనుమతి.

ఇలాంటి కథే హాలీవుడ్‌లో 1955లో వచ్చింది. డగ్లస్ సర్క్ తీసిన 'ఆల్ దట్ హెవెన్ అలౌస్'. దాన్ని చూసి మనవాళ్ళు తీశారని కాదు, సమస్య ఒకటే. జేన్ వైమన్ కలవారింటి వితంతువు. రాక్ హడ్సన్ ఆమె తోటలో చెట్లు కత్తిరించే పనివాడు. ఊరు నవ్వింది, పిల్లలు ఒప్పుకోలేదు. అమ్మకి కాలక్షేపం కావాలని ఆ పిల్లలు ఒక టీవీ కొనిచ్చారు. వెలగని ఆ తెర మీద ఆమె మొహం కనబడే దృశ్యం చూస్తే నాకు అత్తయ్య, ఆమె ముందున్న కుంకుమ పళ్ళెం గుర్తొస్తాయి. అయితే అక్కడ చివరికి ఆమె అతని దగ్గరికి వెళ్ళిపోతుంది, బతికుండగానే.

ఆ సినిమాని ఆధారం చేసుకుని 1974లో జర్మనీలో ఫాస్‌బిండర్ 'అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్' తీశాడు. అందులో వితంతువు గదులు తుడిచే పనిమనిషి. ఆమె పెళ్ళాడింది తనకన్నా బాగా చిన్నవాడైన మొరాకో కూలీని. ఈసారి కొడుకు టీవీ కొనివ్వడు, ఉన్న టీవీని కాలితో తన్ని పగలగొడతాడు. 2002లో టాడ్ హేన్స్ 'ఫార్ ఫ్రమ్ హెవెన్'లో తోటమాలిని నల్లజాతి వాడిగా మార్చాడు. అంటే, కథని మళ్ళీ తీసినవాళ్ళు ప్రతిసారీ తమ కాలంలో అడ్డుగోడ ఏదో వెతుక్కున్నారు.

మన కథనీ మళ్ళీ తీశారు. 1967లో ఆదుర్తి గారే హిందీలో 'మిలన్' చేశారు. ఎల్.వి. ప్రసాద్ గారు నిర్మాత. సునీల్ దత్, నూతన్ జంట. గౌరి మాత్రం మళ్ళీ మన జమునే, ఆ పాత్రకి ఆమెకి ఫిల్మ్‌ఫేర్ బహుమతి వచ్చింది. గోదారి యాస పోయి ఉత్తరాది పల్లె యాస వచ్చింది. 1971లో సావిత్రి గారు తనే నిర్మించి, దర్శకత్వం వహించి, శివాజీ గణేశన్ పక్కన నటించి తమిళంలో 'ప్రాప్తం' తీశారు. ఆమెకి డబ్బు నష్టమే మిగిల్చిన సినిమా అది. భాష మారింది, మనుషులు మారారు. గోడ మాత్రం అక్కడే ఉంది. మూడుసార్లూ మళ్ళీ జన్మే.

ఆ 1971లో నేను పదో తరగతి. ఒక బడిపంతులు అత్తయ్యని చేసుకుంటానని నాన్నగారికి ఉత్తరం రాశాడు. 'మా వంశంలో అలాంటి ఆచారం లేదు' అని జవాబు. నా చేతిరాత బాగుంటుందని ఆ జవాబు నాన్నగారు నాచేతే రాయించారు. మన తెలుగు మాస్టారు మెచ్చుకున్న చేతిరాత అది. నేనే తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేశాను. అత్తయ్య ఆ పూట కూడా పొట్లాలు కడుతూనే ఉంది. ఆమెని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

1986లో, ఒకప్పుడు ఆదుర్తి గారి దగ్గర పనిచేసిన కె. విశ్వనాథ్ గారు 'స్వాతిముత్యం' తీశారు. రాములవారి కల్యాణంలో తాళి తీసుకుని అమాయకుడైన కమల్ హాసన్ వితంతువు రాధిక మెడలో కట్టేస్తాడు. ఈ జన్మలోనే! ఎగిరి గంతేసినంత పనై, అత్తయ్యని తునిలో ఆ సినిమాకి తీసుకెళ్ళాను. తిరుగు బస్సులో "చూశావా అత్తయ్యా, నువ్వడిగిందే" అన్నాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ, "వాడికి లోకం తెలీదు కనక కట్టాడురా. తెలిసినవాళ్ళు కట్టనివ్వరు" అంది.

తెలిసినవాళ్ళంటే ఎవరో నేను అడగలేదు. ఆ ఉత్తరం ఎవరి చేతిరాతో ఆమెకి తెలుసో లేదో కూడా అడగలేకపోయాను. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. సత్యదేవుడి దర్శనానికి వెళ్ళినప్పుడల్లా కొండ కింద ఏదో ఒక దుకాణంలో ఒక కుంకుమ పొట్లం కొంటాను. ఎవరు కట్టారో చూసి మరీ కొంటాను. కట్టిన ఆమె నుదుట బొట్టుంటే, ఎందుకో ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది.