అత్తారింటి పేరు

పెళ్ళయిన పిల్లకి అత్తారింట్లో పేరు మార్చడం మనకి కొత్తేం కాదు. మన ఒంగోలు ఆవుకీ అదే జరిగింది. 1868లో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఓ జంట దిగింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే కనుక, ఆ జాతికి అక్కడ 'నెలోరి' అనే పేరు స్థిరపడింది.

ఉబెరాబాలో ఏటా జరిగే పశువుల ప్రదర్శనకి దేశదేశాల పెంపకందార్లు వస్తారు, ఫారాలు తిరిగి చూస్తారు. 1960ల మొదట్లో వెళ్ళిన ఓ ఆంబోతు పేరు 'కరవది'. ఒంగోలు పక్క పల్లె పేరే! దాని సంతతిని తరతరాలుగా పుస్తకాలకెక్కించారు.

అక్కడ వాటిని పెంచేది ముఖ్యంగా మాంసానికని తెలిసి నా మనసు చివుక్కుమంది. కానీ ట్రాక్టరు రాగానే దొడ్లు ఖాళీ చేసుకున్న పుట్టింటివాళ్ళం, ఏ మొహంతో అడుగుతాం?