మిద్దె ఉరిస్తే ఇన్సూరెన్సు ఇస్తారా?

మొన్న సంక్రాంతికి కృష్ణగిరి పోయినప్పుడు మా నాయన ఒక ప్రశ్న వేసి నన్ను ఇరకాటంలో పెట్టినాడు. సంగతేమిటంటే, నేను హైదరాబాదులో ఫ్లాటు కొంటున్నాను. లోను ఇచ్చే బ్యాంకువాళ్ళు "సార్, ఇంటి ఇన్సూరెన్సు కూడా ఇందులోనే కలిపేశాం" అన్నారు. చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాను. ఆ కాగితాలు బ్యాగులో ఉంటే నాయన కళ్ళజోడు పెట్టుకుని తిరగేసి, "ఏమిరా, ఇట్లాంటిది మన ఇంటికి చేపిస్తే మిద్దె ఉరిస్తే ఇస్తారా? కొత్త రూము గోడ నెర్రెలిచ్చింది గదా, దానికి?" అన్నాడు. తెలీదు అనడానికి నామోషీ వేసింది. రోజూ వేల లైన్ల కోడు చదివేవాణ్ణి, నేను సంతకం పెట్టిన పాలసీ నేనే చదవలేదు!

సరే, కూచుని చదివాను. చదివితే అర్థమైంది ఏమంటే, మామూలు ఇంటి పాలసీ ఒక వైట్‌లిస్టు. "ఇల్లు పాడైతే డబ్బులిస్తాం" అని అందులో ఎక్కడా ఉండదు. "ఈ కారణాల వల్ల పాడైతే ఇస్తాం" అని ఉంటుంది. ఆ కారణాలు కూడా ఎవరో ఒకరోజు కూచుని రాసినవి కాదు. బగ్ వచ్చాక ప్యాచ్ వేసినట్టు, ఒక్కో కొంప మునిగాక ఒక్కో లైను చేరుతూ వచ్చింది.

మొదటి లైను నిప్పు. 1666 సెప్టెంబరులో లండన్ తగలబడి 13 వేలకు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళకు నికొలస్ బార్బన్ అనే ఆయన ఇళ్ళకు అగ్నిప్రమాద బీమా వ్యాపారం మొదలుపెట్టాడు. మన దేశానికి ఇది సరుకు వెంట వచ్చింది. 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీ పెట్టినప్పుడు దాని చూపంతా ఓడల మీదా, గోదాముల మీదా. మా వైపు ఇప్పటికీ అదే వరస. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసేవాళ్ళకు ఫైర్ ఇన్సూరెన్సు అంటే ఏమిటో బాగా తెలుసు. సరుకు మీద అప్పిచ్చే బ్యాంకు అది లేనిదే అప్పివ్వదు కాబట్టి. బేళ్ళకు బీమా ఉంటుంది, ఆ బేళ్ళు మోసే హమాలీ ఇంటికి ఉండదు.

1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలను కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలు చేశారు. నిబంధనలూ రేట్లూ దేశమంతటికీ ఒకటే. 2001లో వచ్చిన అఖిల భారత ఫైర్ టారిఫ్‌లో నిప్పు, పిడుగు, అల్లర్లు, తుఫాను, వరద అన్నీ ఒకే పాలసీలో ఉన్నాయి. భూకంపానికి మాత్రం అదనంగా కట్టాలి. ఆ ఏడాది జనవరి 26నే భుజ్ కూలిపోయిందని గుర్తుచేసుకుంటే, అది ఎంత ఖరీదైన అదనమో అర్థమవుతుంది. 2007 నుంచి రేట్లు కంపెనీల ఇష్టానికి వదిలేశారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకు 'భారత్ గృహ రక్ష' అని ఒకే నమూనా పాలసీ అన్ని కంపెనీలూ అమ్మాలని ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. ఇందులో భూకంపం కూడా మామూలుగానే ఉంది. ఇంటి విలువ అంటే మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చు, స్థలం ధర లెక్కలోకి రాదు. ఇంటికి తీసుకుంటే సామానుకు అందులో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. నగలకు విడిగా తీసుకోవాలి. ఇక దొంగతనం! మామూలు దొంగతనానికి ఇందులో రాదు. నిప్పో వరదో వచ్చిన ఏడు రోజుల్లోపు జరిగితేనే.

ఇప్పుడు నాయన ప్రశ్నకు వద్దాం. మా పాత ఇల్లు దూలాలూ దంతెలూ వేసి పైన చౌడుమట్టి పరిచిన మిద్దె. ఏటా మట్టి వెయ్యకపోతే ఉరుస్తుంది. వరద, ముంపు జాబితాలో ఉన్నాయి గానీ, ముసురుకు మెల్లగా నాని ఉరవడం లేదు. కొత్త రూము నల్లరేగడిలో మట్టిపోసి ఎత్తుచేసి కట్టింది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, గోడ పగులుతుంది. పాలసీలో 'నేల కుంగడం' అన్న మాట చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. కింద మినహాయింపులు చదివితే మామూలు పగుళ్ళు, కొత్త కట్టడం సర్దుకోవడం, పోసిన మట్టి కదలడం, నాసిరకం పనితనం, వీటికి ఇవ్వం అని ఉంది. మా గోడ సంగతి మొత్తం ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది.

నాయనకు ఇదంతా చెప్తే, "మరి దేనికి ఇస్తారురా?" అన్నాడు. వరదకు ఇస్తారు అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు నేను ఏడో తరగతి. ఇటు హంద్రీ, అటు తుంగభద్ర, కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద. పాతబస్తీలో మా మేనత్త ఇంట్లో నీళ్ళు పైకప్పు దాకా వచ్చాయి. నీళ్ళు తీశాక మేనమామ ఒక్కడే పార పట్టుకుని బురద ఎత్తుతుండటం నాకింకా గుర్తుంది. గోడలు నిలబెట్టడానికి చేసిన అప్పు తీరడానికి ఏడేళ్ళు పట్టింది. అప్పటి పాలసీలో వరద ఉంది. కానీ అట్లాంటి పాలసీ ఒకటి ఉంటుందని ఆ వీధిలో మాకు తెలిసిన ఒక్కరికీ తెలీదు. జాబితాలో ఉన్నదానికి పాలసీ తీసుకోలేదు, జాబితాలో లేనిదానికి ఇప్పుడు ఆశపడుతున్నాం.

నేను చేసింది ఇదీ: గోడ దగ్గర పునాది తవ్వించి మేస్త్రీకి చూపించాను, ఆ ఖర్చు మాదే. ఊరి ఇంటికీ, అత్తమ్మ ఇంటికీ పాలసీలు తీసుకున్నాను. రెండిటి మినహాయింపులూ నాయనకు తెలుగులో చదివి వినిపించాను. అంతా విని ఆయన, "అయితే మిద్దె మీదికి మట్టి మనమే ఎయ్యాల" అన్నాడు.

మనమే ఎయ్యాల.