గుండె చెప్పని సాక్ష్యము

పల్నాటిసీమలోని బొల్లాపల్లి మా గ్రామము. చాల యేండ్ల క్రిందట అచ్చట నొక రైతు కల్లములో మిరపకాయలు ఆరబోయుచు, రొమ్ము పట్టుకొని కూలెను. గంటలోపల ప్రాణము పోయినది. పొలముగట్టు తగవున్న తమ్మునిపై ఊరివారు విషప్రయోగమను నింద మోపిరి. శవపరీక్షలో విషము దొరకలేదు. గుండెకండలో చెడుగును కనబడలేదని వ్రాసిరి. “గుండె బాగున్న మనిషి యెట్లు చచ్చెను?” అని రచ్చబండ ప్రశ్నించెను. బడిపంతులనైన నేనును బదులు చెప్పజాలకపోతిని. పిదప చదివి తెలిసికొన్నది శ్రోతలకు విన్నవించెదను.

ఈ ప్రశ్న ప్రాతదే. 1705, 1706 సంవత్సరములలో రోమునగరమున ఆకస్మికమరణములు మెండై జనులు భీతిల్లిరి. పోపు పదునొకండవ క్లెమెంటు ఆజ్ఞపై లాన్సీసి యను వైద్యుడు శవములను కోసి పరీక్షించి, వానిలో కొన్నింటికి గుండెజబ్బు కారణమని 1707లో గ్రంథము వెలువరించెను. 1939లో మాలరీ ప్రభృతులు డెబ్బదిరెండు గుండెలను పరీక్షించి, రక్తమందని కండ యేనాడెట్లు మారునో నిర్ణయించిరి. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కంటికి రంగుమార్పు తెలియుటకు సుమారు అర్ధదినము పట్టును. తొలి గంటలలో సూక్ష్మదర్శినికిని నమ్మదగిన గుర్తు చిక్కదు. ఆ గుర్తులు పుట్టుటకు మనిషి బ్రదికియుండవలెను గదా! గంటలో పోయినవాని గుండె గాయమును దాచుకొనియే పోవును.

1963లో నాక్లాసు, ష్నిట్కా యనువారు అద్దకమువంటి యుపాయమును ప్రకటించిరి. గుండెముక్కను రంగుద్రవములో ముంచిన, బాగున్న కండ నీలివర్ణమగును, చెడినచోటు రంగెక్కదు. ఇదియు కొన్ని గంటలు బ్రదికినవారి విషయముననే పనికివచ్చును.

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇచ్చట స్మరింపక తప్పదు. కండకు తక్షణశక్తి నిచ్చు ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును 1927లో ఫిస్కేగారితో గూడి లోకమునకు తెలిపినవారాయన. రక్తము నిలిచిన నిమిషములలోనే గుండెలో ఆ నిలువ తరిగిపోవును. అంతకంటె తొలి గుర్తేమున్నది? అయితే చావు తరువాత గుండె యంతటను అదే జరుగును. కావున శవమున అది సాక్ష్యము కాజాలదు. 1948 ఆగస్టులో న్యూయార్కున ఆ మహనీయుడును గుండెపోటుతోనే గతించెను.

నేడు ట్రోపోనిన్ అను మాంసకృత్తు కండనుండి జారిన తావును ప్రతిరక్షకముల సాయమున వెదకుచున్నారు. శవము క్రుళ్లినచో అదియు నమ్మరానిది.

ఆ తమ్ముడు ఊరు విడిచి వినుకొండ చేరెను. ఇటీవల కలిసికొని, కనబడలేదనుట లేదనుట కాదని ఇదంతయు చెప్పితిని. చాలసేపు విని యతడిట్లనెను: “ఆ మాట ఆనాడే రచ్చబండకాడ చెప్పగూడదా, పంతులుగారూ?”