తేలే ఈగా, మునిగే ఈగా?



ఊటీ వెళ్ళి, అవలాంచి దాకా పోయి చూసి వచ్చినవారు మీలో కొందరైనా ఉంటారు. అక్కడి చల్లని వాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంది. అది మన దేశపు చేప కాదు. మద్రాసు రాజధానిని ఏలిన తెల్లదొరలు తమ వినోదం కోసం తెప్పించినది. కొన్ని ప్రయత్నాలు బెడిసికొట్టాక, హెచ్.సి. విల్సన్ 1907లో అవలాంచిలో దాని గుడ్లు పొదిగించే కేంద్రం నెలకొల్పాడు. ఈ చేపను ఎలా పట్టాలన్న దానిపై ఆ దొరల స్వదేశంలో దశాబ్దాల తరబడి పెద్ద తగాదాయే నడిచింది.

మనం చెరువు గట్టున గాలానికి వానపామును గుచ్చుతాం. వాళ్ళు గాలపు ముల్లుకు ఈకలూ పట్టుదారమూ చుట్టి, ఈగలాంటి బొమ్మను కడతారు. ఆ ఈగకు బరువుండదు కనుక, బరువైన దారాన్నే కొరడాలా ఝళిపించి విసురుతారు.

ఇంగ్లండు దక్షిణాన టెస్ట్, ఇచెన్ అనే రెండు నదులున్నాయి. సుద్దనేలలో ఇంకిన వాన ఊటలై పైకొచ్చి పారే నీళ్ళవి. అడుగున గులకరాళ్ళు సైతం కనిపిస్తాయి. ఆ నదుల దగ్గర చేపలు పట్టిన ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో ఒకటి, 1889లో మరొకటి పుస్తకం రాశాడు. పైకి లేచి పురుగును అందుకునే చేపను ముందు కంటితో చూడాలి. దాని వెనకనుంచి, ఏటికి ఎదురుగా, తేలే ఈగనే విసరాలి. ఇదీ అతని పద్ధతి. శిష్యులు దాన్ని వేదవాక్కు చేశారు. మునిగే ఈగ వేసేవాడు మర్యాదస్తుడే కాదన్నారు.

జి.ఇ.ఎమ్. స్క్యూస్ లండన్‌లో న్యాయవాది. ఆయన వాదించే ముందు సాక్ష్యం చూశాడు. ఎముకలోంచి మూలుగ తీసే సన్నని గరిటెతో, పట్టిన చేప కడుపులోది తీసి, తెల్లని పళ్ళెంలో నీళ్ళు పోసి పరిశీలించాడు. అందులో రెక్కల పురుగులకన్నా, ఇంకా నీటిపైకి చేరని పిల్లపురుగులే ఎక్కువగా కనిపించేవి. చేప తినేదాన్నే దానికి చూపిస్తే తప్పేమిటని 1910లో పుస్తకం రాశాడు. ఆయనా చేపను చూసే, ఏటికి ఎదురుగానే విసిరేవాడు. తగాదా అంతా నీటి కింద కొన్ని అంగుళాల లోతు గురించే!

చేపకు తప్పించుకునే వీలు ఉంచాలన్న హాల్‌ఫర్డ్ పట్టుదలలో న్యాయం లేకపోలేదు. 1914లో ఆయన పోయాక శిష్యులు మరింత బిగుసుకున్నారు. 1938 ఫిబ్రవరిలో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో ఈ విషయంపై చర్చ పెట్టారు. అప్పటికి స్క్యూస్‌కు 79 ఏళ్ళు. సభలో ఎక్కువమంది ఆయనకు ఎదురే నిలిచారు. యాభై ఏళ్ళకు పైగా చేపలు పట్టిన ఇచెన్ ఒడ్డును ఆయన ఆ ఏడాదే వదులుకున్నాడు. 1949లో కన్నుమూశాడు.

ఏవన్ నది కావలిదారు ఫ్రాంక్ సాయర్ నెమలిజాతి పక్షి తోక ఈకతో, సన్నని రాగితీగతో పిల్లపురుగు బొమ్మ కట్టేవాడు. దారం వాడేవాడు కాదు. ఆ పద్ధతిపై 1958లో ఆయన పుస్తకం వచ్చింది. ఇప్పుడు ఆ బొమ్మ లేని గాలపు పెట్టె అరుదు. అయినా ఆ సుద్దనేల నదుల్లో కొన్ని ఒడ్డులకు నేటికీ ఒక కట్టుబాటుంది: జూలై వచ్చేదాకా తేలే ఈగే వేయాలి.