ఓటెయ్యడమే కాదు, ఓటడగడం కూడా: జెట్టి ఈశ్వరీబాయి

స్త్రీల ఓటుహక్కు చరిత్ర అనగానే 1921 నాటి మద్రాసు శాసనమండలి తీర్మానంతో మొదలుపెడతారు. ఆ తీర్మానంతో ఓటొచ్చింది ఆస్తిపాస్తులున్న ఆడవాళ్లకే. 1935 చట్టం కూడా ఆస్తి, చదువు, మొగని ఆస్తి చూసే ఓటిచ్చింది. జానెడు భూమి లేని, బడి గడప తొక్కనియ్యని మాల, మాదిగ స్త్రీ ఈ లెక్కల్లో ఎక్కడుంది? సంగారెడ్డి, పటాన్‌చెరు ఉన్న నిజాం రాజ్యంలో ఆ మాత్రం ఓటు కూడా లేదు. వయసొచ్చిన ఆడా మగా అందరికీ ఓటుండాలని అంబేద్కర్ 1928లోనే సైమన్ కమిషన్ ముందు పెట్టిన డిమాండు, 1952 సాధారణ ఎన్నికల్లో గానీ ఇక్కడి వెట్టి బతుకుల దాకా రాలేదు.

వచ్చిన ఓటును ఏం చేసుకోవాలో చూపించిన మనిషి జెట్టి ఈశ్వరీబాయి. 1918లో సికింద్రాబాద్ చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టింది. బిడ్డను పెంచుకుంటూ పంతులమ్మగా పనిచేసింది, గీతా విద్యాలయం పెట్టింది. 1950ల మొదట్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి నగర కౌన్సిలరయింది. తర్వాత రిపబ్లికన్ పార్టీలో చేరి, 1967లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచింది. ఆమె చేతిలో ఓడింది కాంగ్రెస్ అభ్యర్థి టి.ఎన్. సదాలక్ష్మి. ఆమె కూడా దళిత స్త్రీయే, శాసనసభకు డిప్యూటీ స్పీకర్‌గా చేసిన నాయకురాలు. ఇద్దరు దళిత స్త్రీలు ఎదురెదురుగా నిలబడి ఊరూరా ఓటడిగారంటే, మొదటి సాధారణ ఎన్నికలై అప్పటికి పదిహేనేళ్లే. ఈ పోటీని మన స్త్రీల చరిత్రలు ఎందుకు రాయలేదు?

1969 తెలంగాణ ఉద్యమంలో ఈశ్వరీబాయి జైలుకు పోయింది. 1972లో మళ్లీ గెలిచింది. అధికార పక్షం నీడన కాకుండా ప్రతిపక్షంలో కూర్చుని నిలదీయడమే ఆమె రాజకీయం. 1991లో చనిపోయింది. ఆమె బిడ్డ గీతారెడ్డి 2009లో, 2014లో జహీరాబాద్ ఎస్సీ స్థానం నుంచి గెలిచింది, అయితే కాంగ్రెస్ తరఫున. తల్లి ఎవరితో కొట్లాడిందో బిడ్డ ఆ పార్టీలోనే ఉండడం గురించి కూడా మనం దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి.

ఆ జహీరాబాద్ నుంచి సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరుకు వచ్చే రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలే. కాంట్రాక్టు పనికొచ్చిన ఆడవాళ్లు కిరాయి గదుల్లో ఉంటారు, ఓటేమో ఊర్లో ఉంటుంది. పోలింగు రోజు కూలి కొయ్యకుండా సెలవియ్యాలని 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ చేర్చారు. రోజుకూలీలకూ అది వర్తిస్తుంది. ఈ సంగతి కాంట్రాక్టరు చెప్పడు. కూలి పోతదని ఒక దళిత స్త్రీ ఊరికి పోకపోతే, ఆస్తి చూసి ఓటిచ్చిన పాత రోజులు ఆమెకు ఇంకా పోనట్టే. ఈశ్వరీబాయి వర్ధంతులకు దండలేసేవాళ్లు ముందు ఈ సెక్షన్‌ను ఫ్యాక్టరీ గేటు కాడ చదివి వినిపించాలి.