‘లెర్నెడ్’ అంటే ఎవరు? 1823 పట్టికలో మన గడి

కోర్టులో వకీలు ఎదుటి వకీలును ‘లెర్నెడ్ ఫ్రెండ్’ అంటాడు. కేసు ఓడినా ఆ బిరుదు పోదు. ‘లెర్న్’ అనే క్రియకు భూతకాలం రాసినా ఇవే అక్షరాలు. విశేషణమైతే మాత్రం లెర్-నెడ్ అని రెండు ముక్కలుగా పలకాలి. అంటే నేర్చుకున్నవాడు వేరు, లెర్నెడ్ వేరు. రెండోది పుస్తకం పట్టినవాడికే. ఊరికే సంగతులు తెలిసినవాడికి ‘నాలెడ్జబుల్’ చాలంటారు. మన దగ్గరా అంతే కదా, ‘పండితుడు’ అరుగు మీద, ‘తెలిసినోడు’ వాకిట్లో.

ఈ తేడా మన సీమలో ఎట్లా లెక్కకెక్కిందో చూడండి. 1822లో మద్రాసు గవర్నర్ మన్రో బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అది 1882లో వచ్చింది. మనం బళ్లారి కింద ఉన్నాం. అక్కడి కలెక్టర్ ఏ.డి. కాంప్‌బెల్, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేసినవాడు, 1823 ఆగస్టులో జవాబు రాశాడు. జనం 9,27,857. బడులు 533. చదివేవాళ్లు 6,641, అంటే వెయ్యికి ఏడుగురు కూడా లేరు. అందులో ఆడపిల్లలు 60. ఆ 533లోనే తర్కం, జ్యోతిషం, ధర్మశాస్త్రం సంస్కృతంలో చెప్పే చోట్లు 23, అన్నీ బ్రాహ్మలకే. లెర్నెడ్ తయారయ్యేది అక్కడ.

మామూలు బడుల్లో పిల్లలు పద్యాలు చిలకల్లా వల్లిస్తారనీ, అర్థం తెలియదనీ అదే జాబులో ఆయనే రాశాడు!

హిందూ మగపిల్లల్లో బ్రాహ్మలు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ‘ఇతర కులాలు’ 1,174. ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’లో ఈ కాగితాలు అచ్చేశాక, ‘అప్పట్లో అందరూ చదివారు’ అనేవాళ్లకు ఈ ఆఖరి గడి బాగా పనికొచ్చింది. అందులో మాలలెందరు, మాదిగలెందరు? గడి చెప్పదు. చెప్పని గడిని మన పేరున ఎట్లా రాస్తారు?

అదే కాలంలో ఈ కరువు నేల మీద బావి నీళ్లు మడికెక్కాలంటే కపిల తోలాలి. దాని తోలు బాన మాదిగ చేతిది. తోలు సున్నంలో ఎన్నాళ్లు నానాలి, తంగేడు చెక్క ఎంత పడాలి, కుట్టు ఎక్కడ వేస్తే నీరు కారదు, ఇవన్నీ తెలిస్తేనే బాన నిలిచేది. ఆ చదువు ఇంటి వాకిట్లోనే, అబ్బ నుంచి కొడుక్కు. కలెక్టర్ అడిగిన పట్టికలో దానికి వరసే లేదు.

మీ ఊళ్లో బాన కుట్టిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆ పనిలో వాడిన మాటలు ఆయన నోట ఎట్లా వస్తే అట్లా రాసి పంపండి. వచ్చే భాగంలో వాటిని బ్రౌన్ నిఘంటువు పక్కన పెట్టి, ఏవి ఎక్కాయో ఏవి ఎక్కలేదో చూద్దాం.