నవ్వించిన యిల్లాలు



రసములను లెక్కించునపుడు శృంగారము తరువాత హాస్యమునే పేర్కొనిన భరతముని, ఆ రసమును గూర్చి యొక మాట చెప్పియున్నాడు. అది స్త్రీలయందును, నీచప్రకృతులయందును మిక్కిలిగా కానవచ్చునట. చిన్ననాడు గురువుగారి సన్నిధిని నాట్యశాస్త్రము చదువునపుడు నే నీ మాటను తల యూచుచు వల్లించితిని. ఆలోచింపలేదు. మన సంస్కృత నాటకములలో నవ్వించు విదూషకుడు పురుషుడే కదా! నాయిక చిరునవ్వు నవ్వును, చెలికత్తె పరిహాసమాడును, అంతియే. సభ నంతటిని కడుపుబ్బ నవ్వించు భారమును మన కవులు ఆడుదాని భుజముపై నెన్నడును మోపలేదు. ఆ భారమును మోసిన యొక స్త్రీ చరిత్రమును నేడు మీకు విన్నవింతును. ఆమె మన దేశపుది కాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జేమ్సుటౌను అను చిన్న పట్టణమున 1911వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీని జన్మించిన లూసిల్ బాల్.

ఆమె తండ్రి టెలిఫోను తీగెలు వేయు పనివాడు. ఆమెకు నాలుగేండ్లైనను నిండకమునుపే, 1915లో, సన్నిపాత జ్వరమున మరణించెను. అప్పటికి తల్లి గర్భవతి. బిడ్డలిద్దరును మాతామహుని యింట పెరిగిరి. ఆ తాతకు నాటకములన్న మిక్కిలి మక్కువ. మనుమరాలిని వెంటబెట్టుకొని ప్రదర్శనములకు తీసికొని పోవుచుండెను. 1927లో ఆ యింటి పెరటిలో పిల్లలు తుపాకితో గురి చూచుచుండగా ప్రమాదవశమున పొరుగు బాలునికి గుండు తగిలెను. వ్యాజ్యము నడచెను. తాత యిల్లు పోగొట్టుకొనెను. హాస్యమునకు పుట్టినిల్లు సుఖమే యని తలచువారికి ఈ బాల్యము సమాధానము.

అంతకు ముందే, 1926లో, పదునైదేండ్ల ప్రాయమున నామె న్యూయార్కు నగరమున నొక నటనపాఠశాలలో చేరియుండెను. అచటి యుపాధ్యాయులు ఈ పిల్ల మిక్కిలి బిడియస్థురాలనియు, దీనిని చదివించుట ధనమును కాలమును వ్యర్థపుచ్చుటయే యనియు తల్లికి తెలియజేసిరి. ఆమె తిరిగి యింటికి పోయెను.

ఈ సంగతి తెలిసికొనిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణము చెప్పెదను. నేను ముప్పదియైదు సంవత్సరములు ఉపాధ్యాయుడనుగా నుంటిని. ఒకనాడు తరగతిలో నడుగు పెట్టబోవుచు వాకిట నిలిచి చూడగా, ఒక బాలిక నా నడకను, నా కండువా సవరించుకొను తీరును, ఛందస్సు చెప్పునపుడు వ్రేళ్ళపై నేను గణములు లెక్కించు రీతిని, యథాతథముగా అభినయించుచుండెను. తరగతి యంతయు నవ్వుచుండెను. ఆడపిల్లకు ఈ కోతిచేష్ట లేమని నేను గద్దించితిని. పిమ్మట ఆ బాలిక పాఠశాల వార్షికోత్సవమున వేదిక నెక్కుమన్నను ఎక్కలేదు. ఆమె నన్ను ఎంత శ్రద్ధతో చూచెనో నా కానాడు తోచలేదు. చూడనివాడు అనుకరింపలేడు గదా!

లూసిల్ మాత్రము మరల వచ్చెను. బట్టల దుకాణములలో కొత్త దుస్తులు ధరించి చూపు పనిచేసెను. 1933లో హాలీవుడ్డు చేరి చలనచిత్రములలో చిల్లర వేషములు వేసెను. ఆర్.కె.ఓ. అను కంపెనీలో జీతమునకు కుదిరి, పదునేండ్లకు పైగా ఈ కంపెనీలోను ఆ కంపెనీలోను పనిచేసియు, అగ్రతారల పంక్తిలో చేరలేకపోయెను. 1940లో క్యూబా ద్వీపమునుండి వచ్చిన గాయకుడు డెసీ ఆర్నెజును వివాహమాడెను.

ఆమె భాగ్యము మారినది రేడియోచేత. ఇది నాకు ప్రియమైన సంగతి. 1948లో సి.బి.ఎస్. రేడియోలో ఒక గృహిణి పాత్రను ధరింప నారంభించెను. రేడియోలో మాటలాడువానికి సామాన్యముగా శ్రోతల ముఖములు కానరావు. నే నిపుడు ఆ స్థితియందే యున్నాను. కాని ఆ కార్యక్రమమునకు ప్రేక్షకులను స్టూడియోలో కూర్చుండబెట్టెడివారు. మైకు ముందర నిలిచియే కన్నులతోను, చేతులతోను నామె అభినయింపగా వారు పగలబడి నవ్విరి. ఆ నవ్వు దేశమంతటను వినబడెను.

ఆ కథను టెలివిజనునకు మార్పవలెనని కంపెనీ కోరగా, భర్తపాత్రను తన భర్తయే ధరింపవలెనని యామె పట్టుబట్టెను. పరదేశపు ఉచ్చారణగల వానిని అమెరికా యిల్లాలికి భర్తగా జనులు అంగీకరింతురా యని పెద్దలు శంకించిరి. దంపతు లిద్దరును వాదింపలేదు. 1950లో ఊరూర ప్రదర్శనము లిచ్చి జనులచేతనే సమాధానము చెప్పించిరి. తమ పేళ్ళను కలిపి “డెసిలూ” అను కంపెనీని స్థాపించిరి. 1951 అక్టోబరు 15వ తేదీని “ఐ లవ్ లూసీ” ప్రారంభమయ్యెను.

ఇచట నొక వ్యాపారసూక్ష్మ మున్నది. ఆనాటి కార్యక్రమములు పెక్కు న్యూయార్కునుండి అప్పటికప్పుడు ప్రసారమగుచుండెను. దూరపు పట్టణములకు టెలివిజను తెరను చూచి తీసిన మసక ప్రతిని పంపెడివారు. ఈ దంపతులు తమకు రావలసిన సొమ్ములో కొంత తగ్గించుకొని, మంచి ఫిల్ముపై చిత్రీకరించుటకును, ఆ ఫిల్ములపై హక్కు తమకే యుండుటకును ఒప్పించిరి. కార్ల్ ఫ్రాయిండ్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు మూడు కామెరాలు ఒకేసారి నడుచునట్లును, ఎదుట ప్రేక్షకులు కూర్చుండునట్లును దీపముల నమర్చెను. నాటకమందలి సజీవమైన నవ్వును, సినిమాయందలి శాశ్వతత్వమును ఒక్కచోట చేరెను. ఒకసారి చూపినదానిని మరల మరల చూపి ధన మార్జించు పద్ధతి దీనివలననే బలపడెను. డెబ్బది యేండ్లు గడచిన పిమ్మట మా మనుమడు చేతిలోని ఫోనులో నాకు లూసీని చూపగలిగె నన్నను అది ఆ ఫిల్ముల చలువయే.

నేను చూచినది 1952 సెప్టెంబరు నాటి కథ. ఇంటిపని కష్టమా, బయటిపని కష్టమా యని తగవు వచ్చి, భార్యలు కొలువునకు పోవుదురు. భర్తలు వంట కెక్కుదురు. లూసీయు, ఆమె స్నేహితురాలును చాకొలెట్ల కర్మాగారమున చేరుదురు. కదలు పట్టీపై వచ్చు మిఠాయిలకు కాగితము చుట్టుట వారి పని. ఒక్కటి చుట్టకుండ దాటినను కొలువు పోవును. మొదట నెమ్మదిగా వచ్చును. పిదప వేగము పెరుగును. చుట్టలేక నోటిలో కుక్కుకొందురు, టోపీలలో దాతురు, రవికెలో దోపుకొందురు. అధికారిణి వచ్చి పట్టీపై ఏమియు మిగులకుండుట చూచి, బాగున్నది, ఇంకను వేగము పెంచుడనును! ఇంటియొద్ద మగవారు వండిన అన్నము కుండ పొంగి నేలపై పారును. భాష రాని మా పనిమనిషి సైతము నవ్వి నవ్వి కన్నులు తుడుచుకొనెను. నేనును నవ్వితిని. తీరిన పనికి బహుమానము మరింత పని యగుట మన యిండ్లలోని స్త్రీ లెరుగని సంగతియా?

1952లో ఆమె మరల గర్భవతి యయ్యెను. నిండుచూలాలిని తెరపై చూపుట సభ్యత కాదని ఆనాటి భావము. “గర్భవతి” యను మాటయే పలుకరాదనిరి. ఆ కథలను మతాచార్యులకు చూపి, వారి సమ్మతి పొంది ప్రదర్శించిరి. 1953 జనవరి 19వ తేదీని లూసీకి పుత్రుడు కలిగిన కథను సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూచిరి. ఆ దినముననే నిజముగా నామెకు కుమారుడు జన్మించెను. మరునాడు ఐసెన్‌హోవరు అధ్యక్షపదవీ స్వీకారమును చూచినవారు అంతకంటె తక్కువ.

ఆ యేడే పరీక్షయు వచ్చెను. 1936లో ఆమె కమ్యూనిస్టు పక్షపు ఓటరుగా నమోదు చేసికొనెనని అమెరికా కాంగ్రెసు విచారణసంఘము ప్రశ్నించెను. శ్రామికపక్షపాతియగు తాతను సంతోషపెట్టుటకు చేసితినని యామె బదులు చెప్పెను. ఆ కాలమున అట్టి యనుమానమే యనేక నటుల జీవనోపాధిని హరించెను. ప్రేక్షకుల యెదుట భర్త ఆమె పక్షమున మాటలాడగా సభ కరతాళధ్వనులు చేసెను. ఆమె నిలిచెను. సన్నిపాతమున పోయిన తండ్రి స్థానమున నిలిచి పెంచిన ఆ వృద్ధుని కోరిక నామె తోసిపుచ్చలేక పోయినదన్న, నాకు తప్పుగా తోపదు.

1957లో డెసిలూ ఆర్.కె.ఓ. స్టూడియోలను 60 లక్షల డాలర్లకు పైగా నిచ్చి కొనెను. ఒకప్పుడు చిల్లర వేషములకు జీతమిచ్చిన ప్రాంగణమునకే ఆమె యజమానురాలయ్యెను. కథలో లూసీ రంగస్థల మెక్కవలెనని వారము వారము పన్నాగములు పన్నును, భర్త వలదనును. నిజమున రంగస్థలమే ఆమెది. కాని తెరపై నిలిచిన సంసారము ఇంటిలో నిలువలేదు. భర్త మద్యపానముచేతను, కలహములచేతను 1960లో విడాకులయ్యెను. 1962లో అతని వాటాను కొని, యంత పెద్ద టెలివిజను స్టూడియోకు ఏలిక యైన మొదటి స్త్రీ యయ్యెను. “స్టార్ ట్రెక్” అను ప్రసిద్ధ ధారావాహికము ఆమె కంపెనీనుండియే 1966లో వెలువడెను. 1967లో 1 కోటి 70 లక్షల డాలర్లకు కంపెనీని విక్రయించెను. 1986లో మరల తెర నెక్కినపుడు జను లాదరింపలేదు. ఎనిమిది కథలతో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. 1989 ఏప్రిలు 26వ తేదీని డెబ్బదియేడవ యేట కన్నుమూసెను.

భరతముని మాటను నేడు నేను మరియొక విధమున చదువుచున్నాను. హాస్యము స్త్రీలయందు మిక్కిలిగా నున్నదని మహర్షియే చెప్పెను గదా! అది నిందగా నేల గ్రహింపవలెను? నిధి యున్న చోటును చూపెననియే గ్రహింతును. పెద్దలారా, మీ యరుగుపై నొక మనుమరాలు మీ దగ్గును, మీ నడకను అనుకరించినచో, నా వలె గద్దింపకుడు. చివరిదాక చూడుడు. నవ్వు వచ్చినచో నవ్వుడు. మా తరగతిలోని ఆ బాలిక ఎక్కడనున్నను, ఈ ప్రసంగము ఆమె చెవిని పడినచో, ఆ నాటి అనుకరణము చాల బాగుండెనని ఆమె మాష్టారు ఇన్నాళ్ళకు చెప్పుచున్నాడు.

సెలవు.